తెరిచి చూసిన సీడీలు

సార్ పోయారని ఆయన భార్య, నేను పెద్దమ్మ అని పిలిచే ఆమె, ఫోన్ చేసి చెప్పింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలారట. "కునుకు తీస్తాండాడేమో అనుకుంటి తల్లీ. నీళ్లు కాగినాయి, స్నానానికి లెయ్యమని పిలిస్తే పలకలేదు" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడవడం అప్పటికే అయిపోయిందో, ఇంకా మొదలు కాలేదో నాకు తెలియలేదు. "వస్తాండా పెద్దమ్మా" అని ఫోన్ పెట్టేశాను.

తనకల్లు నుంచి బస్సు పట్టుకుని కదిరి చేరేసరికి ఇంటిముందు షామియానా వేసేశారు. గుంతకల్లు నుంచి వచ్చిన పాత రైల్వే ఉద్యోగులు ఐదారుగురు ఒక వరుసలో కూర్చున్నారు. వాళ్లలో ఒక పెద్దాయన నన్ను చూసి "నువ్వేమవుతావమ్మా ఆయనకు?" అని అడిగారు. నేను సార్ దగ్గర చదువుకోలేదు. బంధువును కాను. ఆ వీధిదాన్ని కూడా కాను. "మా ఆఫీసు కంప్యూటర్ సార్ చూసేవారు" అన్నాను. ఆయన తలూపారు. నేను చెప్పింది అబద్ధం కాదు గానీ చాలా తక్కువ. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

సార్ ఉద్యోగమంతా గుంతకల్లులోనే, రైల్వే సిగ్నల్ విభాగంలో. రిటైర్ కావడానికి రెండు మూడేళ్ల ముందు, అంటే తొంభైల చివర్లో, బెంగళూరు నుంచి విడిభాగాలు తెచ్చి సొంతంగా ఒక కంప్యూటర్ అమర్చుకున్నారు. ఎవరూ నేర్పలేదు. ఇంగ్లీషు పుస్తకం ఒక పక్క, నిఘంటువు ఒక పక్క పెట్టుకుని నేర్చుకున్నారు. రిటైరైన తర్వాత పెద్దమ్మ పుట్టిన ఊరని కదిరి వచ్చి, బట్టల అంగడి పైన ఉన్న ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవారు. ఎవరి కంప్యూటర్ మొరాయించినా సంచిలో రెండు స్క్రూడ్రైవర్లు, ఒక టార్చిలైటు వేసుకుని వెళ్లేవారు.

మాది రైతుల కోసం పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ. అక్కడ నా పని బోర్ల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం. బోరు లారీ మీద ఏళ్ల తరబడి పనిచేసిన ఒకాయన, తాను చూసిన ప్రతి బోరు గురించీ నోటుబుక్కుల్లో రాసి పెట్టుకున్నాడు. ఏ ఊరు, ఎవరి చేను, ఎన్ని అడుగుల దగ్గర ఏ రాయి తగిలింది, తడి ఎక్కడ కనిపించింది, నీళ్లు పడ్డాయా లేదా, అన్నీ ఉండేవి. పక్కన చేతితో గీసిన చేని బొమ్మ కూడా ఉండేది. ఆయన పని మానేశాక ఆ నోటుబుక్కులన్నీ మాకిచ్చాడు. నేను రెండేళ్లు కూర్చుని వాటిని టైపు చేశాను, పేజీలన్నీ స్కాన్ చేశాను. ఆ తర్వాత ఒక వేసవిలో వెనక గది బీరువా తెరిస్తే నోటుబుక్కుల స్థానంలో చెదపురుగుల మట్టి మిగిలింది. అప్పటినుంచి ఆ వివరాలు ఈ భూమ్మీద ఒక్కచోటే ఉన్నాయి. మా కంప్యూటర్‌లో.

కరువు గట్టిగా ఉన్న ఆ ఏళ్లలో రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. కొత్త బోరు వేసే ముందు, చుట్టుపక్కల చేలల్లో ఎంత లోతుకు నీళ్లు పడ్డాయో చూసి చెప్పమనేవారు. సరిగ్గా అలాంటి సమయంలో కంప్యూటర్ మొండికేసింది. ఆన్ చేస్తే ఖాళీ లేదని ఒక హెచ్చరిక వచ్చేది. బోర్ల ఫైలు తెరవబోతే మధ్యలో నిలిచిపోయేది. ఒక మెకానిక్ వచ్చి చూసి "అంతా తుడిచేసి, ఫార్మాట్ కొట్టి కొత్తగా వేస్తా, గంట పని" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కదిరిలో ఎవరో సార్ పేరు చెబితే కబురు పెట్టాం.

సార్ వచ్చారు. కుర్చీలో కూర్చోకముందే వెళ్లి కిటికీ ఊచను అరచేత్తో తాకారు. దేవుడికి మొక్కుతున్నారేమో అనుకున్నాను. నా చూపు గమనించి "మొక్కడం కాదమ్మా. మన ఒంట్లో రవ్వంత కరెంటు ఉంటాది. అది ముందు ఇనుముకు ఇచ్చేసి ఆమీట దీన్ని ముట్టుకోవల్ల" అన్నారు. పెట్టె విప్పి దుమ్ము తుడిచి, మూసి, అప్పుడు ఆన్ చేశారు. పది నిమిషాలు చూసి విషయం చెప్పారు.

"హార్డ్ డిస్కు ఒకటే గానీ దాన్ని రెండు గదులు చేసినారు. ముందు గది సి డ్రైవ్, కంప్యూటర్ నడిచే సామానంతా దాంట్లో ఉంటాది. వెనక గది డి డ్రైవ్, మీ బోర్లన్నీ ఆడ ఉండాయి. ముందు గది మరీ చిన్నగా కట్టినారు, అది నిండిపోయినాది. వెనక గదిలో సగం ఖాళీనే. నడిమి గోడ రవ్వంత వెనక్కి జరపల్ల."

"జరపొచ్చా సార్? లోపల ఉండేవి పోవా?"

"పోవచ్చు" అన్నారు సార్. అంత తేలిగ్గా అనేసరికి నాకు భయమేసింది. "గోడ జరపాలంటే ముందు వెనక గదిలో ఉండేవన్నీ ఇంకా వెనక్కి మోయల్ల. మోసేటప్పుడు నడుమ నిలబడిపోతే యాడిది ఆడ తెలియకుండా పోతాది. అందుకే ముందు కాపీ, ఆమీటే గోడ."

ఆ రోజు సోమవారం. ఆఫీసు గుమ్మంలో నారాయణమ్మ కూర్చుని ఉంది. తూర్పు పల్లెల వైపు నాలుగెకరాల మెట్టచేను ఆమెది. భర్త లేడు. వేసిన రెండు బోర్లూ ఎండిపోయాయి. మూడోది వేయడానికి లారీ శుక్రవారం వస్తుంది. ఆ లోపల మా బోర్ల ఫైలులో ఏముందో తెలుసుకోవాలని మూడు రోజులుగా తిరుగుతోంది. "ఇంగ ఎంతసేపు పాపా?" అని నన్ను అడిగింది. నేను సార్‌ను అడిగాను.

"తొందరుంటే రేపు చేద్దాం" అన్నారాయన. తర్వాత ఎన్నోసార్లు ఆయన నోట ఆ మాట విన్నాను. ఎవరు హడావుడి చేసినా అదే జవాబు. మొదటిసారి విన్నప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది.

ఆ పూటే కదిరి నుంచి సీడీలు రాసే డ్రైవు తెచ్చి బిగించారు. టైపు చేసినవీ స్కాన్ పేజీలూ కలిపి ఆరు సీడీలకు వచ్చాయి. ఒక్కొక్కటి రాయడానికి ఎంతో సేపు పట్టేది. ఎలా రాయాలో, రాశాక ప్రతి సీడీలోనూ ఫైళ్లు ఎలా తెరిచి చూడాలో చూపించి, సార్ పక్క గదిలో యూపీఎస్ పరీక్ష పెట్టుకున్నారు. ప్లగ్గు తీసేసి, కరెంటు లేకుండా అది ఎంతసేపు నిలబడుతుందో గడియారం చూసి కాగితం మీద పెన్సిల్‌తో రాసుకున్నారు. ఏడు నిమిషాలు.

సాయంత్రానికి నేను అలసిపోయాను. మొదటి నాలుగు సీడీలు తెరిచి చూశాను. ఐదోదాంట్లో పైపైన ఫోల్డర్ల పేర్లు కనిపించాయి, చాలనుకుని బయటికి తీసేశాను. ఆరోదీ అంతే. బస్సు వేళయింది.

"అన్నీ తెరిచినావామ్మా?" అని అడిగారు సార్.

"తెరిచినాను సార్."

ఆయన సీడీలను కవర్లలో పెట్టి సంచిలో వేసుకున్నారు. "ఏంటికి సార్ తీసుకుపోతాండారు?" అన్నాను. "దీంట్లో రాసింది ఇది చదువుతాది. ఇంగొక కంప్యూటర్ కూడా చదవల్ల. మా ఇంట్లో చూస్తా" అన్నారు.

మరుసటి రోజు వచ్చి ఊచ తాకి, కూర్చుని, ఒక సీడీ బయటికి తీసి బల్ల మీద పెట్టారు. "అయిదోది తెరుచుకోలేదు. పేర్లు కనపడతాయి గానీ లోపలేమీ రాదు. మళ్లా రాయల్ల." నా వైపు చూడలేదు. నన్ను ఏమీ అడగలేదు. కొత్త సీడీ రాసి, అది మళ్లీ ఆయన ఇంటికి వెళ్లి, తెరుచుకుందని కబురు వచ్చేసరికి ఆ రోజూ గడిచిపోయింది. ఆ ఐదో సీడీలో ఉన్నవి తూర్పు పల్లెలు. ఆ సంగతి నాకు తెలుసు.

బుధవారం డిస్కులో దెబ్బతిన్న చోట్లేమైనా ఉన్నాయేమోనని పరీక్ష పెట్టారు. తర్వాత, చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లను ఒక పక్కకు సర్దే పని మొదలుపెట్టారు. దానికే సాయంత్రం అయింది. నారాయణమ్మ వచ్చి చూసి వెళ్లింది. "ఏమప్పా, ఇంగా వండుతానే ఉండారా?" అంది పోతూ పోతూ. సార్ నవ్వారు. ఆయన నవ్వితే శబ్దం వచ్చేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి.

గురువారం ఉదయం సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి కనుక్కున్నారు. మధ్యాహ్నం రెండు దాకా కరెంటు తీయరన్నారు. అప్పుడు ఒక తెల్లకాగితం మీద "పని జరుగుతూ ఉంది. నేను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు" అని రాసి, టైము వేసి, సంతకం పెట్టి కంప్యూటర్‌కు అంటించారు. రైల్వేలో సిగ్నల్ పని మొదలుపెట్టే ముందు స్టేషన్ మాస్టర్‌కు ఇలాగే కాగితం ఇచ్చి సంతకం తీసుకోవాలట. "ఈడ స్టేషన్ మాస్టర్ నువ్వే" అని నా చేత కూడా సంతకం పెట్టించారు. తెర నిద్రపోయే అమరిక తీసేశారు, వైరస్ చూసే ప్రోగ్రాం ఆపేశారు. డి డ్రైవ్ పాత కొలత, కొత్త కొలత రెండూ కాగితం మీద రాసి, తెర మీద ఉన్నదాంతో రెండుసార్లు సరిచూసి, అప్పుడు నొక్కారు.

నీలం గీత మెల్లగా కదలడం మొదలైంది. సార్ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మౌసు పక్కకు కూడా చేయి పోనివ్వలేదు.

పదకొండున్నర ప్రాంతంలో ఫ్యాను ఆగింది. యూపీఎస్ కూత మొదలుపెట్టింది. గీత సగం కూడా దాటలేదు. నేను లేచి నిలబడ్డాను. "సార్, ఆపేద్దామా?"

"ఇప్పుడు ఆపినా అంతే, ఆగినా అంతే. కూర్చోమ్మా."

ఎక్కడో గాలికి తీగ తెగిందని తర్వాత తెలిసింది. ఏడు నిమిషాలు ఆ కూత వింటూ ఇద్దరం కూర్చున్నాం. సార్ గడియారం చూస్తున్నారు. తెర నల్లబడగానే కాగితం మీద ఆ టైము కూడా రాశారు. ఆయన ముఖంలో నాకేమీ కనిపించలేదు.

రెండు గంటలకు కరెంటు వచ్చింది. కంప్యూటర్ లేచింది, సి డ్రైవ్ బాగానే ఉంది. డి డ్రైవ్ మీద నొక్కితే ఇందులో ఏమీ లేదు, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. రెండేళ్లు నేను టైపు చేసిందంతా, బోరు లారీ ఆయన తన వయసంతా రాసుకున్నదంతా, ఆ ఒక్క ప్రశ్న అయింది.

"ఏమ్మా, సీడీలు ఇట్ల తీసుకురా" అన్నారు సార్, మంచినీళ్లు అడిగినంత మామూలుగా.

పాత డి డ్రైవ్ తీసేసి, ముందు గదిని పెద్దది చేసి, మిగిలినదాంట్లో కొత్త డి డ్రైవ్ తయారుచేశారు. ఈసారి మోయాల్సింది ఏమీ లేదు కాబట్టి నిమిషాల్లో అయిపోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో సీడీ పెట్టారు. తూర్పు పల్లెలు వరుసగా ఒక్కొక్కటే వచ్చి చేరుతుంటే నేను అక్కడ నిలబడలేక వెనక చేతిపంపు దగ్గరికి వెళ్లిపోయాను. కాసేపటికి సార్ చేతులు కడుక్కోవడానికి వచ్చారు. నేను పంపు కొట్టాను.

"సార్, ఆ పొద్దు నేను అయిదోది తెరవలేదు. ఆరోదీ తెరవలేదు. తెరిచినానని అబద్ధం చెప్పినాను."

"తెలుసులేమ్మా."

"ఎట్ల తెలిసింది సార్?"

"తెరిచుంటే తెరుచుకోలేదని చెప్పుంటావు కదా."

నేను ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు, ఓదార్చలేదు. పంపు గట్టు మీద కూర్చుని, నేను సర్దుకునే దాకా ఆగి, గుంతకల్లు సంగతి ఒకటి చెప్పారు.

అప్పుడు సార్ కొత్తగా కంప్యూటర్ నేర్చుకున్న రోజులు. పక్క క్వార్టర్స్‌లో ఒక రైలు గార్డు ఉండేవాడు. ఆయన కూడా కంప్యూటర్ కొన్నాడు. చనిపోయిన వాళ్లమ్మ మాటలు ఒక క్యాసెట్‌లో ఉంటే, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాడు. ఇక భద్రమే కదా అని ఆ క్యాసెట్ మీద పిల్లల పాటలు రికార్డు చేసేశాడు. కొన్నాళ్లకు ఇలాగే చోటు చాలక సార్‌ను పిలిచాడు.

"కాపీ తీయకుండానే గోడ జరిపినా" అన్నారు సార్. "నాకు తెలుసు, కాపీ తీయల్లని. పుస్తకంలో మొదటి పేజీలోనే ఉండాది. ఎన్నో సిగ్నళ్లు చూసినోణ్ణి, ఇదొక లెక్కా అనుకుంటి. మొత్తం పోయినాది. ఆయప్ప డ్యూటీ నుంచి వచ్చేదాకా వాళ్ల గుమ్మంలోనే కూర్చుంటి. వస్తానే చెప్పినా, నా చేతిలోనే పోయినాదన్నా అని."

"ఆయన ఏమన్నాడు సార్?"

"ఏమీ అనలేదు. ఏడాది మాట్లాడలేదు. మేము కదిరికి వచ్చే పొద్దు సామాను లారీకి ఎక్కించడానికి ఆయప్పే వచ్చినాడు. నా కంప్యూటర్ ఆయప్పే ఎత్తుకొచ్చి, గుడ్డలు చుట్టి, కదలకుండా కట్టినాడు. కట్టి, 'ఆ పొద్దు ఎర్రలైటు దాటినావన్నా' అన్నాడు. అంతే."

సార్ లేచి లోపలికి వెళ్లారు. ఆరో సీడీ పెట్టాలి కదా.

శుక్రవారం పొద్దున్నే నారాయణమ్మ వచ్చింది. కొత్త డి డ్రైవ్ ఎలా ఉందో చూసి పోదామని సార్ కూడా వచ్చారు. ఆమె చేని చుట్టూ వేసిన బోర్లు నాలుగు దొరికాయి. స్కాన్ చేసిన పేజీలు తెరిచి ఒక్కొక్కటి చదివి వినిపించాను. నాలుగింటిలోనూ అడుగుదాకా గట్టి నల్లరాయే. తడి మాట ఎక్కడా లేదు. నాలుగో పేజీ చివర ఆ లారీ ఆయన "ఈ పక్క ఇంక వేయవద్దు" అని రాసి కింద గీత గీశాడు.

నారాయణమ్మ చాలాసేపు తెరవైపు చూసింది. ఆమెకు చదువు రాదు. గీత మాత్రం కనిపిస్తోంది.

"ఏం సార్, ఈ మిషను అబద్ధం చెప్తాదా?"

"మిషను ఏమీ చెప్పలేదమ్మా. లారీ మీద ఉండిన మనిషి కండ్లారా చూసి రాసినాడు. అది చెడిపోకుండా ఈ పాప పెట్టింది."

ఆ మాటకు నేను తల వంచుకున్నాను. సార్ ఎగతాళి చేయలేదు. చేసే మనిషి కాదు.

నారాయణమ్మ లేచి కొంగు దులుపుకుంది. "లారీ దావలో ఉంటాది. యాడైనా ఫోన్ ఉంటే చెప్పండప్పా, రావద్దని" అంది. మా ఆఫీసు ఫోన్ నుంచే చెప్పాం. ఆమె చేతిలో మిగిలినదాంతో మేకలు కొన్నది. ఆ ఏడు వర్షం సరిగా రాలేదు. చుట్టుపక్కల వేసిన బోర్లలో పడినవి కొన్ని, పడనివి ఎక్కువ. మూడో బోరు వేసి ఉంటే ఆ చేను ఆమె చేతిలో ఉండేది కాదని ఆమే తర్వాత ఒకసారి చెప్పింది.

ఆ తర్వాత సార్‌తో ఆరేడేళ్ల పరిచయం. ప్రతి మూడు నెలలకూ కాపీ తీసి ఒక సెట్టు ఆఫీసులో ఉంచి, ఒక సెట్టు కదిరిలో ఆయనకిచ్చి వచ్చేదాన్ని. పెద్దమ్మ ఉగ్గాని బజ్జీ పెట్టేది. "ఈయప్పకు తిండి కంటే సీడీలే ఎక్కువ" అని సణిగేది. సార్ తింటూనే ఒక్కో సీడీ పెట్టి, ఫైళ్లు తెరిచి, మూసి, పక్కన పెట్టేవారు. "చూసినాననేది వేరే, తెరిచినాననేది వేరే" అనేవారు నవ్వుతూ. ఆయన ఆ మాట ఎవరితోనైనా అనేవారు. నాకు మాత్రం ప్రతిసారీ కొంచెం గుచ్చుకునేది. గుచ్చుకోవడం మంచిదే అనిపించేది.

పదకొండో రోజు వెళ్లినప్పుడు పెద్దమ్మ ఇనుప ట్రంకు పెట్టె తెరిచి, నా సీడీలన్నీ ఒక సంచిలో వేసి ఇచ్చింది. బస్సులో కూర్చుని చూశాను. ఒక్కో కవరు మీద పెన్సిల్‌తో తేదీలు ఉన్నాయి. నేను ఇచ్చిన తేదీ ఒకటి, ఆ తర్వాత ఏడాదికోసారి ఆయన మళ్లీ తెరిచి చూసిన తేదీలు కిందుగా. ఆ సంగతి నాతో ఎప్పుడూ అనలేదు. రెండు కవర్ల మీద "చదవలేదు, కొత్తది రాసినా" అని ఉంది. సంస్థలో ఇప్పుడు పెద్ద కంప్యూటర్లు వచ్చాయి, చోటు చాలకపోవడమనే మాటే లేదు. అయినా వచ్చిన వారం అంతా కూర్చుని అన్నీ తెరిచి చూశాను.

ఆయన్ని నేను ఆఖరుసారి చూసింది చనిపోవడానికి రెండు నెలల ముందు. కంటికి శుక్లం ఆపరేషన్ అయిందని తెలిసి వెళ్లాను. వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. నల్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, తల వెనక్కి వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని. పెద్దమ్మ ఒక చేత్తో ఆయన గడ్డం పట్టుకుని, మరో చేత్తో కంటి చుక్కల మందు సీసా ఎత్తి పట్టుకుంది. నేను వచ్చింది ఇద్దరూ చూడలేదు. "మూయొద్దు, మూయొద్దు" అంటోంది ఆమె. సార్ చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి. కన్ను అదురుతోంది, అయినా తెరిచే ఉంచారు. సీసా మొన దగ్గర చుక్క ఒకటి ఊరి, బరువెక్కి, ఇంకా పడకుండా ఎండలో మెరుస్తోంది. నేను గుమ్మం దగ్గరే చెప్పులతో నిలబడిపోయాను.